మోంబ్రాక్ వారి ముక్కు

మొదటి గ్లాసు చేతికి రాగానే ఓడిల్‌కు చెమటలు పట్టాయి.

నేలమాళిగలో ఇరవై రెండు వైన్ పీపాలున్నాయి. ఒక్కోదాని ముందూ ఆగి, వాసన చూసి, రుచి చూసి తేల్చాలి. బాగున్నది తమ ఇంటిపేరు మోంబ్రాక్‌తో సీసాల్లోకి వెళ్తుంది. బాగులేనిది వాకిట్లో నిలబడ్డ ట్యాంకర్లోకి పోతుంది, ఊరూ పేరూ లేని వైన్లలో కలిసిపోతుంది. కలిసిందంటే మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఓడిల్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. మంచినీళ్ళ గ్లాసు పెట్టుకున్నా ఇంతే.

జనవరిలో వచ్చిన జ్వరం వారంలో పోయింది. పోతూ పోతూ ఆమె ముక్కును కూడా పట్టుకుపోయింది. రెండు నెలలుగా కాఫీకీ సబ్బుకీ తేడా తెలియడం లేదు. ఎవరికీ చెప్పలేదు. ముక్కు పనిచెయ్యనివాళ్ళు ఈ నేలమాళిగ తాళంచెవి ముట్టుకోకూడదని తాతల నాటి కట్టడి. ఆ మాట నాన్న నోట వింటూనే పెరిగింది. ఇవాళ ఆ తాళంచెవి కూతురికిస్తున్నానని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. ఆమె తర్వాత ఇంకెవరూ లేరు. ఆమె కాదంటే ద్రాక్షతోట అమ్మకానికి పెట్టడమే.

నాన్న ఆన్సెల్మ్ కూడా గ్లాసు ఎత్తాడు. కళ్ళు మాత్రం కూతురి మీదే ఉన్నాయి. పరీక్ష పెట్టే మాస్టారిలా ఆ చూపు ఆమె మొహం వదలడం లేదు. పోయినేడు ఇదే చోట, గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే ఆమెకు నవ్వొచ్చేసింది. నాన్న కూడా నవ్వి, "ఇది మనదే" అన్నాడు. ఇప్పుడు నవ్వు తెచ్చుకోబోతే పెదాలు వణికాయి.

"ఎలా ఉంది తల్లీ?"

"నువ్వే ముందు చెప్పు నాన్నా."

ఆయన ఇంకాసేపు చూశాడు. "ఇది వద్దు" అన్నాడు.

"నాకూ అదే అనిపించింది" అంది ఓడిల్. ఆయన ఏమంటే అదే అనడం. అంతకు మించి ఆమెకు దారి లేదు. చుట్టుపక్కల నాలుగూళ్ళలో నాన్నలాంటి ముక్కు లేదని అందరూ అంటారు మరి.

ముప్పై ఏళ్ళుగా అక్కడే పీపాలు కడుగుతున్న ఫెర్నాన్ తన గ్లాసులో అడుగున మిగిలింది చప్పరించాడు. "నా నోటికి బాగానే ఉంది అయ్యగారూ."

"నీ నోటికి వెల్లుల్లి కూడా బాగానే ఉంటుంది. నువ్వు గొట్టం పట్టుకో."

ఫెర్నాన్ గొణుక్కుంటూ గొట్టం తగిలించాడు. పంపు మొదలైంది.

రెండోదీ వద్దు. మూడోదీ వద్దు. పదో పీపా దగ్గరికి వచ్చేసరికి ఓడిల్‌కు వెనకంతా ఖాళీ పీపాలే కనిపించాయి. అక్టోబరు గుర్తొచ్చింది. సిరోన్ ఏటి మీంచి పొద్దున్నే పొగమంచు దిగేది. ఈ తియ్యటి వైనుకు కావలసిన, బూజు పట్టి ముడతలు పడ్డ ద్రాక్షపళ్ళను ఒక్కొక్కటే ఏరడానికి కూలీలు తోటలోకి అయిదుసార్లు దిగారు. బుట్టలో తల పెడితే తేనె వాసన, ఎండబెట్టిన ఆప్రికాట్ వాసన. ఇరవై ఏళ్ళలో అలాంటి పంట చూడలేదనుకుంది. అంతా ఎలా పాడైంది? తన ముక్కు అప్పటికే మోసం చేస్తోందా?

ఆగమని అరవాలనిపించింది. అరిస్తే ఎందుకని అడుగుతారు. అందుకు జవాబు చెప్పాలంటే ముక్కు కావాలి.

ఇరవై రెండో పీపా దగ్గర నాన్న గ్లాసు దించేశాడు. ఆయన మొహం కూడా పాలిపోయి ఉంది. "ఇదీ వద్దు."

"అవును నాన్నా."

ఒక్క పీపా కూడా మిగల్లేదు. ఆ ఇంట్లో అలాంటి ఏడాది ఎన్నడూ లేదు. ఫెర్నాన్ మాత్రం ఆఖరి పీపా నుంచి ఒక సీసా నింపి, ఇంట్లో జున్నుతో తాగుతానని కోటు జేబులో పెట్టుకున్నాడు. ట్యాంకరు గేటు దాటి, మలుపు తిరిగింది.

ఓడిల్ ఇక ఉండబట్టలేకపోయింది. ఏడుపొచ్చింది. "నాన్నా, నీకో మాట చెప్పాలి."

"ముందు నన్ను చెప్పనీ." ఆన్సెల్మ్ తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసేశాడు. "నువ్వు లేకపోతే ఇవాళ ఈ చెత్తంతా మన పేరుతో అమ్మేవాణ్ణి. తాతల నాటి కట్టడికి భయపడి నీకు కూడా చెప్పలేదు. నాకు వాసన పోయి మూడేళ్ళయింది తల్లీ, అప్పట్నుంచీ నీ మొహం చూసే చెబుతున్నాను."