తిరిగొచ్చిన గిన్నె

పక్క ఫ్లాట్లో కొత్తగా దిగిన బెంగాలీ పిల్ల మౌషుమికి పైడమ్మ గిన్నెడు వంజరం చేపల పులుసు ఇచ్చొచ్చింది. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగిరాదు కదా, ఆవపెట్టిన బెంగాలీ చేపల కూర రుచి చూడొచ్చని ఆశపడింది.

సాయంత్రం ఆ పిల్ల గిన్నె నిండుగానే తెచ్చిచ్చి వెళ్లింది. మూత తీస్తే వంజరం పులుసు! అచ్చం తనదే. పొద్దున పొరపాటున ఎక్కువైన ఉప్పు కూడా అంతే ఎక్కువ.

పైడమ్మకి ఒళ్లు మండిపోయింది. వెళ్లి తలుపు బాదింది.

"ఏటమ్మా ఇది? నా పులుసు నాకే ఇస్తావా?"

"మీది తినేశాం ఆంటీ. ఇది మా వంటపెట్టె చేసింది. వాసన చూపిస్తే చాలు, ఏ వంటైనా అలాగే దించేస్తుంది. మీ పులుసు రుచిని బిల్డింగ్‌లో అందరి పెట్టెలకీ పంపాను!"

"అయితే నా ఉప్పు నూరిళ్లకి ఎక్కించావన్నమాట! ఉప్పెక్కువైందని చెప్పే నోరు ఒక్కరికీ లేదా? మీ అమ్మ ఆవపెట్టి చేపలు వండేది కాదా?"

"వండేది. పెట్టెకి చూపించేలోపే అమ్మ పోయింది."

"నువ్వు వండలేవా?"

"మా ఇంట్లో పొయ్యి లేదు ఆంటీ."

పైడమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తన వంటింట్లోకి లాక్కెళ్లి పొయ్యి వెలిగించింది.

"మాడినా సరే, మీ అమ్మ కూర వండు. ఆ పెట్టెకి మాత్రం వాసన కూడా తగలనివ్వకు!"