నలభయ్యో పేషంటు

"మేడం, మీకోసం ఎవరో అచ్చిండు. ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడ నుంచట."

అటెండరు ఓంప్రకాశ్ స్కానింగ్ గది తలుపు సగం తీసి చెప్పిండు.

డాక్టర్ ప్రవళిక అప్పుడు కొమురవ్వ అనే ముసలమ్మకు పొట్ట స్కాన్ చేస్తుంది.

"పేరేంది?"

"హనుమండ్లట. చేతుల పాత స్కాన్ కవరుంది. దాని మీద నలభై అని అంకె ఏసి ఉంది. మీ రాతే మేడం."

ప్రవళిక చెయ్యి ఆగింది.

"నేను లేనని చెప్పు."

"ఉన్నరని చెప్పిన గద."

"అయితే మీటింగుల ఉన్నదని చెప్పు! పో!"

ఓంప్రకాశ్ బిత్తరపోయిండు. మేడం ఎన్నడూ గట్టిగ మాట్లాడే మనిషి కాదాయె.

ఏ రోజు వస్తదో అని ప్రవళిక ఆరేండ్లుగా భయపడుకుంట బతికిందో, ఆ రోజు రానే వచ్చింది.

పీజీ చదువుల ప్రతి ఒక్కరూ ఒక థీసిస్ రాయాలె. అది లేనిది పరీక్షకు కూసోనియ్యరు. కాలేయంల చిన్న గడ్డలున్నోళ్లను ఆమె నలభై మందిని తీసుకుంది. ఒకపారి స్కాన్, ఆరు నెలలకు ఇంకో స్కాన్. గడ్డ పెరిగిందా లేదా చూసుడు. ముప్పై తొమ్మిది మంది మళ్ల వచ్చిండ్రు. ఎవ్వలకూ పెరగలే. నలభయ్యో మనిషి హనుమండ్లు రాలే. ఫోన్ బంద్. అవతల గడువు చూస్తే నాలుగే రోజులు.

"ఇంతమందికి పెరగంది, ఈయనకొక్కనికే పెరుగుతదా?" అనుకుంది. స్కాన్ చెయ్యకుంటనే 'పెరగలేదు' అని రాసేసింది.

ఒక్క మాటనే. ఆ థీసిసే తర్వాత పెద్ద పత్రికల అచ్చయింది. అది చూసే కరీంనగర్ కాలేజీల కొలువిచ్చిండ్రు. ఇయ్యాల పీజీ పిల్లలకు పరిశోధన పాఠం చెప్పేది కూడా ఆమెనే, చూడుండ్రి! "కంటితోని చూడంది రాయకుండ్రి" అని మొదటి రోజే చెప్తది. చెప్పేటప్పుడు ఎవ్వల మొఖం చూడదు.

ఈ శుక్రవారమే ఆమె ప్రమోషన్ తేలుతది. గిప్పుడే టైం దొరికిందా ఈ మనిషికి?

"బిడ్డా, నాకేమన్న అయ్యిందా?" కొమురవ్వ బెదురుకుంట అడిగింది.

"ఏం లేదవ్వా. కాలేయంల చిన్న గడ్డ. ఇసొంటియి పెరగయి. ఫికర్ చెయ్యకు."

"మళ్ల ఎప్పుడు రావాలె?"

"అక్కర్లేదు."

నోటికి అలవాటైన మాట. ఆమె రాసింది చదివి ఇంకెందరు డాక్టర్లో కూడా గిదే మాట చెప్తుండ్రు. కొమురవ్వ దండం పెట్టి, జమ్మికుంట బస్సు పోతదని ఉరికింది.

రెండో రోజూ హనుమండ్లు వచ్చిండు. కవరు ఒళ్లె పెట్టుకుని బెంచి మీద కూసున్నడు. ప్రవళిక అద్దంలకెల్లి చూసింది. మనిషి బక్కగైండు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని లేస్తుండు, కూసుంటుండు.

గడ్డ పెరిగే ఉంటది. కేసు పెట్టనీకే వచ్చిండు. నౌకరీ పోతది, పేపర్ల పేరు పడ్తది. ప్రవళిక వెనుక తలుపు నుంచి ఇంటికి పోయింది.

"ఏమైంది, గట్లున్నవు?" అని భర్త సంపత్ అడిగిండు.

"తలకాయ నొస్తుంది" అన్నది. దొంగకు తేలు కుడితే ఏం చెప్పుకుంటది?

మూడో రోజు హనుమండ్లు ఆమెను చూడనే చూసిండు.

"మేడం!"

రెండు చేతులెత్తి, నవ్వుకుంట లేచిండు. ఆ నవ్వుకు ఆమెకు ఇంకింత భయమైంది. ఇట్ల నవ్వుకుంట వచ్చేటోళ్లే కొంప ముంచుతరు. గబగబ లిఫ్టు ఎక్కి గేటు కాడి వాచ్‌మన్ అంతయ్యకు ఫోన్ చేసింది.

"ఆ మనిషిని బయటికి పంపు. మళ్ల లోపలికి రానియ్యకు."

పైనుంచి చూసింది. అంతయ్య రెక్క పట్టుకుంటే ఆయన ఎంబడి నడిచిండు. గేటు కాడ నిలబడి ఒక్కపారి వెనక్కి చూసి పోయిండు.

శుక్రవారం ప్రమోషన్ వచ్చింది. ప్రవళికకు పానం లేచొచ్చింది. అందరికీ లడ్డూలు పంచింది.

ఓంప్రకాశ్ లడ్డూ అందుకుని ఆ పాత స్కాన్ కవరు ముందల పెట్టిండు.

"ఆయన గేటు కాడ ఇచ్చిపోయిండు మేడం. మీరు గుస్సల ఉన్నరని ఇప్పటిదాంక ఇయ్యలే."

"ఆయనేడి?"

"మస్కట్ పోయిండట. నిన్ననే విమానం. ఉన్న సెలవుల మూడు దినాలు గీడనే కూసున్నడు, పాపం."

ప్రవళిక తలుపు గొళ్లెం పెట్టుకుని కవరు తెరిచింది. వకీలు నోటీసే ఉంటదనుకుంది.

రెండు స్కాన్ ఫిల్ములున్నయి. ఒకటి ఆమె తీసింది. ఇంకోటి మస్కట్ దవాఖానది. తేదీ చూసింది. సరిగ్గ ఆరు నెలలకు తీసింది, ఒక్క దినం అటూ ఇటూ కాలే.

కింద ఒక కాగితం.

"మేడం, వీసా వచ్చి మీకు చెప్పకుంట పోయిన. మాఫ్ చెయ్యుండ్రి. ఏడున్నా సరే ఆరు నెలలకు స్కాన్ తీపిచ్చుకో అన్నరు. తీపిచ్చుకున్న. చూసి వెంటనే ఆపరేషన్ చేసిండ్రు. ఇంకింత ఆలస్యమైతే దక్కకపోదువన్నరు. మీ మాటనే నన్ను బతికిచ్చింది. మీ పుస్తకంల నా జాగ ఖాళీగ ఉంటదని ఇది తెచ్చిన. రెండుపార్లు సెలవుల మీద వచ్చి ఎతికితే ఇప్పటికి దొరికిండ్రు. రాసుకోండ్రి."

మస్కట్ ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టింది. ఒక్కసారే తలుపు తీసి అరిచింది.

"ఓంప్రకాశ్! మొన్నటి కొమురవ్వ ఫోన్ నంబరు ఉన్నదా?"

"మళ్ల రావద్దంటిరి గద మేడం. గట్లాంటోళ్ల నంబరు రాసుకోం."

ఆ నలభై మందిల గడ్డ పెరిగింది, హనుమండ్లుకు ఒక్కనికే.