వేలు పట్టేంత గాడి

"తాతగారూ, చెయ్యి తియ్యండి. గీతలు చెరిగిపోతున్నాయి."

నిచ్చెన మీద నుంచి చిత్రకారిణి ఈ మాట చెప్పడం వరసగా నాలుగో రోజు.

"గీతలా? ఎక్కడమ్మా?" అన్నాడు పెద్దాయన.

"మీ చేతికిందే."

ఆయన చెయ్యి తీశాడు. రెండడుగులు వేసి మళ్ళీ గోడకే ఆనించాడు.

మొండిఘటం, అనుకుంది ఆమె.

పాత ఊళ్ళో ముప్పయ్యేళ్ళుగా మూసి ఉన్న సందు అది. ముళ్ళకంపలు కొట్టించి, చెత్త ఎత్తించి, ఈమధ్యే తెరిచారు. మరిచిపోయిన దారిని జనానికి గుర్తుచేసేలా గోడ పొడుగునా బొమ్మలు వెయ్యాలి.

ఆమెకి దొరికిన మొదటి పెద్ద పని. పాత పుస్తకాలు తిరగేసి గుర్రాలు, బళ్ళు, మూటలు మోసే వర్తకులు అన్నీ గీసింది. చివర ఆరడుగుల చోటు మాత్రం ఖాళీ.

"అక్కడ ఈ దారిన నిజంగా నడిచిన మనిషి బొమ్మ ఉండాలి," అన్నాడు పని అప్పగించిన మున్సిపల్ ఆఫీసరు. "వెతికి పట్టుకో. లేదంటే తరవాతి గోడ ఇంకొకరికి ఇస్తాం."

లైబ్రరీలో అడిగింది. పోస్టాఫీసులో అడిగింది. ఎవరికీ ఏమీ గుర్తులేదు.

పెద్దాయన రోజూ తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కాతో వచ్చేవాడు. గోడవైపు భుజం కిందికి వంచి, గోడలోని గాడిలో వేలు పెట్టి, చరచరా నడిచి, అవతలి వీధిలో టీ తాగి, అలాగే తిరిగి వెళ్ళేవాడు.

గాడి నడుముకన్నా కిందగా, వేలు పట్టేంత వెడల్పున, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఉంది.

"పైపు కోసం కొట్టి వదిలేసుంటారు," అన్నాడు మేస్త్రీ. "మీ గుర్రాలకి మోకాళ్ళు విరుగుతున్నాయి దీంతో. పూడ్చెయ్యనా?"

టీ తాగి వస్తున్న పెద్దాయన ఆగాడు. "పూడ్చకమ్మా."

"గోడ నున్నగా లేకపోతే రంగు నిలవదండీ."

"అది కాదమ్మా, ఈ దారిన పిల్లలు..."

ఆమె ఫోను మోగింది. ఆఫీసరు. ఖాళీ చోటు గురించే.

మాట్లాడి పెట్టేసేసరికి పెద్దాయన సందు చివరికి చేరాడు.

"పొద్దుపోని మనిషి," అన్నాడు మేస్త్రీ, తాపీ అందుకుంటూ.

మర్నాడు తొమ్మిదింటికి పెద్దాయన వచ్చి గోడ తడిమాడు. కాస్త పైన, కాస్త కింద, మళ్ళీ పైన.

"బాగా నున్నగా వచ్చిందమ్మా," అన్నాడు.

"థాంక్సండీ."

ఆయన ఇంకాసేపు నిలబడి వెనక్కి తిరిగాడు. ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తుంటే మోకాళ్ళ నొప్పి కాబోలు అనుకుంది.

మళ్ళీ రాలేదు.

ఖాళీ చోట ఇంకో గుర్రపు రౌతుని గీసి సరిపెట్టింది.

ప్రారంభం రోజు ఫొటోలు తీశారు. అందరూ బాగుందన్నారు. జనం పలచబడ్డాక నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. కాస్త వంగి, గోడ తడుముకుంటూ పది అడుగులు నడిచింది.

"దారేదమ్మా?"

"ఇదేనండీ. మీరు నిలబడ్డదే," అంది చిత్రకారిణి.

"కింద కాదు, గోడలో. వేలు పట్టేంత గాడి ఉండాలే. ఈ చివర మా బడి ఉండేది, చూపులేని పిల్లల బడి. ఒకరి చెయ్యి పట్టుకోకుండా మా అంతట మేం రావాలని మా మాష్టారు చెక్కారు. రెండు వేసవి సెలవులు పట్టింది."

చిత్రకారిణి చేతిలోని గుడ్డకి వేళ్ళు తుడుచుకుంది. వాటికి రంగేమీ లేదు.

"ఆయన... భుజం వంచి నడుస్తారా?"

"అవును. మా ఎత్తుకి వంగి వంగి అలా అలవాటైపోయింది," అందావిడ, చెయ్యి ఇంకా గోడ మీదే ఉంచి. "ఆయనకీ మాలాగే చూపు లేదుగా, ఒక చేత్తో తడుముకుంటూ ఒక చేత్తో చెక్కారు."