డ్రైవరు సీటు పక్క అతుకు

రాత్రి కృష్ణపట్నం రోడ్డు షెడ్డులో, పెంచలకృష్ణ బస్సుకు వేసిన వెల్డింగ్ అతుకుల్ని సుత్తితో తట్టి చూస్తున్నాను. గట్టి అతుకు ఖంగుమంటుంది, డొల్లది మొద్దుగా పలుకుతుంది. ఖంగుమన్న ప్రతిదానికీ కుంకుమ బొట్టు పెడుతున్నాను.

“బొట్లు తొందరగా కానీ అన్నా. తెల్లారితే పోర్టు మనుషుల్ని ఎక్కించుకోవాల,” అన్నాడు కృష్ణ.

డ్రైవరు సీటు పక్కనున్న చివరి అతుకూ ఖంగుమంది. వెంటనే, ప్రమాదంలో నుజ్జయితే ఇంజనీర్లు పరీక్షకని పక్కన ఉంచిన బస్సులోంచి మొద్దుగా చప్పుడొచ్చింది. దాని డ్రైవరు సుశీల్ కుమార్ తన సీట్లోనే పోయాడు.

“ఇంకోసారి కొట్టన్నా.”

కొట్టాను. అక్కణ్ణుంచి మళ్లీ అదే మొద్దు చప్పుడు.

ఈ అతుకును నమ్మొద్దని చెప్పేది దేవుడా, పోయినాయనా? బొట్టు పెట్టబోయిన వేలు ఆగిపోయింది. “తెల్లారి నేను బండి తియ్యనన్నా,” అంటూ కృష్ణ తాళం నా చేతిలో పెట్టాడు.

సుత్తి కింద పెట్టేశాను. అయినా ఆ మొద్దు చప్పుడు మూడోసారి వినిపించింది. ఈసారి కృష్ణ బస్సులోంచి, ఆ చివరి అతుకు దగ్గర్నుంచే.