అందరి మాట

“తలుపు తియ్యండయ్యా! పిల్ల పడిపోయింది!”

బయటి నుంచి జవాబు లేదు. చొక్కాలు కుట్టే ఆ షెడ్డుకు పని వేళల్లో బయట తాళం వేస్తారు. ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిరికి సొమ్మసిల్లిన పిల్ల నేల మీద పడి ఉంది. కాలర్లు కుట్టే పెద్దామె ఆ పిల్ల తలను ఒళ్లోకి తీసుకుని ముఖాన నీళ్లు చల్లింది. షెడ్డులో చిన్నా పెద్దా అందరికీ ఆమె ‘అమ్మ’.

పిల్ల కళ్లు తెరిచాక అమ్మ లేచి తన మిషను ఆపేసింది.

“మీరూ ఆపండి.”

“మేనేజరు ఊరుకుంటాడా అమ్మా?” అంది బొత్తాలు కుట్టే ఆమె.

“ఊరుకోక ఏం చేస్తాడే? ఆయనొచ్చి కుడతాడా? మన చేతులు కదిలితేనే ఆయన మేనేజరు. బలం మనదే.”

ఒక్కొక్క మిషనూ ఆగింది. చప్పుడు లేకపోయేసరికి మేనేజరే పరుగున వచ్చి తాళం తీశాడు. తిట్టాడు, బెదిరించాడు. ఎవరూ కదల్లేదు. మధ్యాహ్నానికి మెత్తబడ్డాడు.

“సరే, ఇకమీద తాళం ఉండదు. ఆవిరి పోవడానికి ఫ్యాన్లు పెట్టిస్తాను. కానీ మీ అమ్మ ఇక్కడ ఉండకూడదు.”

“కుదరదు!” అందరూ ఒక్కసారిగా అరిచారు.

మేనేజరు నవ్వాడు. “బలం మీదేనటగా? తేల్చేదీ మీరే. ఆమె ఉండాలంటే తాళమూ ఉంటుంది. ఇదీ కాదు, అదీ కాదంటే షెడ్డే మూసేస్తాను. ఆమె వెళ్లాలన్నవాళ్లు చేతులెత్తండి.”

ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. అమ్మ మాత్రం ధీమాగా నిలబడింది.

ఇస్త్రీ పిల్ల చెయ్యి లేచింది.

ఏదో అడగబోతోందనుకుంది అమ్మ. “చెప్పవే,” అంది.

పిల్ల చెయ్యి దించలేదు.

ఆ తర్వాత బొత్తాలామె చెయ్యి. ఆపైన లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది.

“చూశావుగా? నిన్ను తీసేసింది నేను కాదు,” అన్నాడు మేనేజరు.

అమ్మ చెప్పులేసుకుంది. అప్పటికే మిషన్లు మొదలయ్యాయి. బార్లా తెరిచిన తలుపు దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి ఇస్త్రీ బల్ల ముందు ఆగింది. పిల్ల తలెత్తలేదు. ఒకే చొక్కా చేతిని మళ్లీ మళ్లీ రుద్దుతోంది.

“అన్నం మూతపెట్టి ఉంచుతాలే,” అంది కన్నకూతురితో.