ఎడమవైపు ఫుట్‌రెస్టు

"ఇక మీ బండి ఎక్కితే నన్నడగండి!" అంది భార్య, గుమ్మంలో చెప్పులు విసిరికొడుతూ.

చేతిలో కూరగాయల సంచి. ముఖం ఎండకి కందిపోయింది. మార్కెట్టు నుంచి నడిచొచ్చింది. ఆమె సంచి సర్దుకుని ఎక్కబోయేలోగానే అతను గేరు వేసి బండి లాగించేశాడు. దారి పొడుగునా వెనక్కి కబుర్లు చెబుతూనే వచ్చాడు. ఇంటి ముందు ఆపి "దిగు" అన్నాక గానీ వెనక మనిషి లేదని తెలియలేదు.

"ఏం చెప్పుకొచ్చారేమిటి దారంతా?"

"ముందుగదికి రంగు మార్పిద్దామని."

"మరి నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు. ఒప్పుకున్నావనుకున్నా."

వరండాలో బఠాణీలు ఒలుస్తున్న తల్లికి నవ్వాగలేదు. "ఒరేయ్, మీ నాన్న గొడుగులు మరిచిపోయి వచ్చేవాడురా. నువ్వు ఆయన్ని మించిపోయావు."

"మనిషి ఉందో లేదో తెలియనాయనకి వెనక సీటెందుకత్తయ్యా? పీకి పారేయమనండి."

"పీకేస్తాను. ఇప్పుడే పీకేస్తాను!" అన్నాడతను. రోషం వచ్చేసింది.

పానాల డబ్బా తెచ్చి బండి పక్కన బోర్లించాడు. వెనక సీటు రెండు బోల్టులు తిప్పగానే చేతిలోకి వచ్చేసింది. కుడివైపు ఫుట్‌రెస్టు కాస్త మొరాయించింది. కిరోసిన్ పోసి సుత్తితో రెండు తట్లు తట్టేసరికి దారికొచ్చింది. ఇక మిగిలింది ఎడమవైపుది. ఆమె కాలు పెట్టి బండెక్కేది దాని మీదే.

అది ఉలకలేదు, పలకలేదు.

కిరోసిన్ పోసి కాసేపు నాననిచ్చాడు. ముందు కొంచెం బిగించి చూశాడు, తర్వాత వదులు చెయ్యబోయాడు. అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు. పానాకి ఇనప గొట్టం తొడిగి, బండిని మోకాలితో అదిమిపెట్టి, ఒంట్లో బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని లాగాడు. పానా జారింది. వేళ్ల కణుపులు వెళ్లి సైలెన్సరుకి కొట్టుకున్నాయి.

"అబ్బా!"

భార్య లోపల్నుంచి దూదీ మందూ తెచ్చి గట్టు మీద పెట్టింది. మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. వెళ్తూ అత్తగారితో మాత్రం వీధికి వినపడేలా చెప్పింది. "రేపట్నుంచి ఆఫీసుకి బస్సులో పోతానత్తయ్యా. అదే నయం. కండక్టరు కనీసం ఎక్కారా లేదా అని చూస్తాడు."

అతనికి కోపం ఎప్పుడో చల్లారిపోయింది. నిజం చెప్పాలంటే, సీటు ఊడి రాగానే ఆ ఖాళీ చూసి మనసు అదోలా అయింది. అక్కడితో ఆపేద్దామనీ అనిపించింది. కానీ కిటికీ తెర కొంచెం పక్కకి జరిగి ఉంది. దాని వెనక ఎవరున్నారో తెలుసు. ఇప్పుడు పానా కింద పెడితే, ఇక ఆ ఇంట్లో తన మాటని చీపురుకట్ట కూడా లెక్కచెయ్యదు.

చిన్న గ్యాసు దీపం వెలిగించి బోల్టుని కాల్చాడు. అంటుకున్న గ్రీజు పొగ లేచి కళ్లు మండాయి. మళ్లీ పానా వేశాడు. ఈసారి బోల్టు మూలలు అరిగిపోయి తల గుండ్రంగా తయారైంది. ఇక పానా పట్టే పనే లేదు.

"ఒరేయ్, పెళ్లాం వెనక ఉండిపోతే తెలుసుకోలేనివాడివి, నీకు బోల్టేం లొంగుతుందిరా?" అంది తల్లి.

"నువ్వూరుకో అమ్మా!"

"ఊరుకున్నాను. దాన్నీ ఊరుకోనివ్వు. పాపం, అదేం చేసింది నిన్ను?"

ఆ మాటతో మొండితనం ఇంకా పెరిగింది. వీధి చివర వెల్డింగు షాపుకి వెళ్లి ముసలి మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. మేస్త్రీ కోత మిషను గట్టు మీద పెట్టి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సీటు బాగానే ఉంది కదా బాబూ, ఎందుకు తీసేశారు?"

"ఎక్కేవాళ్లు లేరు. ఆ బోల్టు కోసెయ్యండి చాలు."

మేస్త్రీ కింద పడుకుని, టార్చిలైటు వేసి, గుడ్డతో లోపలివైపు మట్టీ గ్రీజూ తుడిచాడు. తర్వాత లేచి కూర్చున్నాడు.

"ఇది తుప్పు కాదు బాబూ. బోల్టు కొసనీ, నట్టునీ, చట్రాన్నీ కలిపి వెల్డింగు పెట్టేశారు. మీరు వారం రోజులు వేలాడినా రాదు."

అతనికి ఒళ్లు మండిపోయింది. ఇందాకట్నుంచీ పడ్డ అవస్థ, పడ్డ మాటలు, కొట్టుకుపోయిన వేళ్లు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"ఏ బుద్ధిలేని వెధవండీ బోల్టుకి వెల్డింగు పెట్టింది!"

"పెట్టింది నేనే."

"మీరా?"

"నాకెందుకు బాబూ, చెప్పిన పని చేశాను. వద్దు, రేపు విప్పాల్సొస్తే కష్టమని అన్నాను కూడా. వింటేగా!"

భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తల్లి బఠాణీలు ఒలవడం ఆపేసింది.

"ఎవరండీ ఆ చెప్పిన మహానుభావుడు? పేరు చెప్పండి, ఇప్పుడే వెళ్లి చెంప పగలగొడతాను."

మేస్త్రీ ఇబ్బందిగా తల గోక్కున్నాడు. గుమ్మంలో ఉన్నావిడ వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మీరే కదా బాబూ. పెళ్లయిన కొత్తలో బండి తోసుకొచ్చి, 'మా ఆవిడ కాలు పెట్టుకునేది, ఎవడు పీకినా ఊడి రాకూడదు' అన్నారు."