వాసన యంత్రం

ఉప్పాడను సముద్రం మింగేశాక హైదరాబాదు చేరిన నూకరత్నానికి ఓ అపార్ట్‌మెంట్లో చిన్న వాటా దొరికింది. వలస వచ్చినవాళ్ల వంటింట్లో, ఘాటు వాసన తగిలితే మోగే వాసన యంత్రం తప్పనిసరి. స్థానికుల ఇళ్లలో అది ఉండదు.

ఆదివారం ఎండుచేపలు, వంకాయ పొయ్యి మీద పెట్టగానే యంత్రం కుయ్యోమంది. ఎదురింటి జనార్దన్, అసోసియేషన్ సెక్రటరీ, తలుపు కొట్టాడు.

"ఇంకోసారి మోగితే మిమ్ముల వలసోళ్ల క్యాంపుకు పంపుడేనమ్మా. రూల్ అట్లుంది." తర్వాత గొంతు తగ్గించాడు. "కూర అయినంక మాకు జర పంపియ్యి."

వారం వారం కూర గిన్నె వెళ్లేది ఈయన ఇంటికే. నూకరత్నానికి ఒళ్లు మండింది.

"నా పొయ్యి మీద వొండితే తప్పైతే మీ పొయ్యి మీదే వొండుతానండి, పదండి," అంటూ దాక ఎత్తుకుని అతని వంటింట్లోకి నడిచింది.

అక్కడ కూర కుతకుతా ఉడికినా ఏదీ మోగలేదు. పై అంతస్తుల వాళ్లు కూడా దిగొచ్చి, "సార్ ఇంట్ల ఏం వండుతున్నరు, ఘుమఘుమలాడుతున్నది," అంటూ కంచాలు అందుకున్నారు.

అందరూ తింటుండగా, కోపంలో ఆమె తెరిచి వదిలేసిన తలుపులోంచి ఆ వాసన ఎదురుగా ఉన్న ఆమె వాటాలోకి పాకింది. నూకరత్నం వంటింట్లో యంత్రం కుయ్యోమంది.

నమలడం ఆపి అందరూ ఆమెకేసి చూశారు.

"ముందే చెప్పిన కదమ్మా," అన్నాడు జనార్దన్ వేళ్లు నాకుతూ.

నూకరత్నం అతని కంచం లాగేసుకుంది.

"ముందా మూతి కడుక్కుని రండి. తర్వాత పంపుదురుగాని."